పోతపాలు

సత్యవేణి తలకు నూనె రాసుకుని తొమ్మిదేళ్లయింది. కోనసీమలో, అదీ కొబ్బరితోట మధ్యనున్న ఇంట్లో పుట్టిన పిల్ల ఎండుగడ్డిలాంటి జుట్టుతో తిరుగుతుంటే ఊరు ఊరుకుంటుందా? మొగలిలంకకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పట్టుకునేవారు. "ఏమే, మీ అమ్మ చెట్లన్నీ అమ్మేసిందేంటే?" అని ఒకరు, "చదువెక్కువైతే నూనె పడదు కాబోలు" అని ఇంకొకరు. సత్యవేణి నవ్వి ఊరుకునేది. రాజమండ్రిలో ఆమె పనిచేసే ప్రయోగశాల గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఒక పలక ఉంటుంది. తలనూనె, పసుపు, పూలు, ముఖానికి రాసుకునే క్రీములు గుమ్మం దాటి రాకూడదు. ఎప్పుడైనా తలంటుకుంటే నెలరోజులు ఆ ఛాయలకే రాకూడదు. రాతిలో దాగిన చమురు జాడను కొలిచే చోట మనిషి ఒంటి జిడ్డు ఒక్క చుక్క పడినా లెక్కంతా తలకిందులవుతుంది.

నేలలోంచి తోడే చమురు దొరికినచోట పుట్టదు. ఎక్కడో బాగా లోతున, ఎప్పటివో ఆకులూ నాచూ మగ్గిన నల్లటి రాతిలో పుట్టి, పగుళ్ల వెంట ప్రాకి, వీలున్నచోట ఆగుతుంది. ఆ నల్లరాతిని ప్రయోగశాలలో తల్లిరాయి అంటారు. చమురులోని అణువుల పోలికల్ని బట్టి ఏ తల్లి బిడ్డో చెప్పవచ్చు గానీ, ఆ తల్లి ఎక్కడుందో తెలియాలంటే రాయి చేతికి రావాలి. అంత లోతు తవ్వడం మాటలా?

ఆ చిక్కును విప్పిన మనిషి డాక్టర్ భుజంగరావు. కంటికి కనిపించనంత చిన్న జీవులను ఆయనా సత్యవేణీ కలిసి పెంచారు. తల్లిరాతి నుంచి తీసిన నల్లటి సారాన్ని వాటికి మేత వేస్తారు. ఏ మేత మీద పెరిగితే ఆ మేత పుట్టినచోటును వెతుక్కుంటూ పోవడం వాటి గుణం. బోరుబావిలో వదిలితే చమురు వచ్చిన దారినే వెనక్కి నడిచి, తల్లిరాతిని చేరి, అక్కడ గుంపుగా మూగి సన్నటి విద్యుత్ సంకేతం పంపుతాయి. పైన పెట్టిన యంత్రం దాన్ని వింటుంది. మందలో వదిలిన దూడ తన తల్లి పొదుగు దగ్గరికే పోతుంది కదా! అందుకే ప్రయోగశాలలో అందరూ వాటిని దూడలనీ, ఆ నల్లటి సారాన్ని పాలనీ పిలిచేవారు.

సత్యవేణికి తండ్రి లేడు. చదువుకునే రోజుల నుంచీ భుజంగరావు ఆమెను "అమ్మాయీ" అనే పిలిచేవాడు. ఆ పిలుపు కోసమే ఆమె సెలవుల్లో కూడా ప్రయోగశాలకు వెళ్లేదంటే అతిశయోక్తి కాదు. పెళ్లి కుదిరినప్పుడు తల్లి మంగాయమ్మ కన్యాదానానికి ఏ బాబాయినో పీటల మీద కూర్చోబెడదామంటే, సత్యవేణి ఒప్పుకోలేదు. భుజంగరావూ ఆయన భార్య దమయంతమ్మా వచ్చి కూర్చున్నారు. కాళ్లు కడిగారు. చెయ్యి పట్టి అప్పగించారు.

ఆ పెళ్లిలో ఒక గొడవ జరిగింది. మంగళస్నానానికి ముత్తయిదువలు గిన్నెడు కొబ్బరినూనెతో వచ్చేసరికి పెళ్లికూతురు తల అడ్డం తిప్పింది. నూనె పెట్టించుకుంటే నెలరోజులు పనికి దూరం. దూడలను పెద్ద మందగా పెంచి నేలలోకి వదలాల్సింది ఆ నెలలోనే.

"నూనె లేకుండా పెళ్లేంటే? అశుభం కాదూ!" అంది మంగాయమ్మ, ఏడుపు గొంతుతో.

అప్పుడు భుజంగరావే ముందుకు వచ్చి, గిన్నెకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. "వద్దండీ. మా అమ్మాయి నియమం మామూలు నియమం కాదు. దాన్ని మనం చెడగొట్టకూడదు" అన్నాడు. పెళ్లివారంతా విన్నారు. సత్యవేణికి గర్వంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పెళ్లి సెలవు అయిపోగానే ఆమె పనిలోకి వచ్చేసింది. అప్పటికి మంద సిద్ధంగా ఉంది. తను లేని రోజుల్లో సారే దగ్గరుండి పెంచాడు. గాజు తొట్లలో అంత బలంగా, అంత దట్టంగా పెరిగిన దూడలను ఆమె ఎప్పుడూ చూడలేదు. "నీ పెళ్లి కానుక" అన్నాడు భుజంగరావు. ప్రయోగశాలను నడిపే చమురు కంపెనీ పెద్దలు మందను వదిలే తేదీని అప్పటికే రెండుసార్లు మార్చారు, ఇక ఆగేలా లేరు. మళ్లీ పరీక్షకు పెడదామా అని ఆమె అడగబోయి, అడిగితే సారును అనుమానించినట్టుంటుందని మానేసింది.

మందను వదలడానికి ఎంచుకున్నది మొగలిలంకలోని పాత బోరు. ఊళ్లోవాళ్లు ముందు ఒప్పుకోలేదు. నేల కింద ఏం వదులుతారో ఏమోనని పంచాయతీ ముందు గుమిగూడారు. సత్యవేణి వాళ్ల మధ్య నిలబడి, అవి తల్లిరాతిని తప్ప దేన్నీ ముట్టవని, తల్లిని చేరాక అక్కడే ఉండిపోతాయని చెప్పింది. ఊళ్లో పెద్ద రైతు త్రిమూర్తులు బాబాయ్ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"మన పిల్ల చెప్పిందంటే అయిపోయిందండి. ఇంకెవర్ని అడగాలి? కానివ్వండి" అన్నాడు.

యంత్రం వారాలపాటు ఎదురుచూసింది. లోతు నుంచి ఏ సంకేతమూ రాలేదు. దూడలు దారి తప్పాయేమోనని ప్రయోగశాలలో తలలు పట్టుకున్నారు. వాటి జాడ చెప్పింది త్రిమూర్తులు. దింపుకు చెట్టెక్కినవాళ్లు కాయలు కిందికి వదులుతుంటే చప్పుడు తేడాగా వస్తోందని ఒక కాయ కొట్టి చూశాడు. లోపల కొబ్బరి లేదు. కాగితంలాంటి పొర, దాని మీద బూడిదరంగు జిగురు. ఇంకోటి కొట్టాడు, ఇంకోటి. తర్వాత చెట్ల మొవ్వులు వాడి, ఆకులు ఒక్కొక్కటిగా వేలాడబడ్డాయి. బోరు పక్క తోట మొదలుకుని వరసగా పాకింది. మంగాయమ్మ తోట రెండోది.

ఆ జిగురును సూక్ష్మదర్శిని కింద పెట్టిన సత్యవేణి చాలాసేపు కళ్లు పైకెత్తలేదు. అవి ఆమె దూడలే. కిందికి పోకుండా పైకి వచ్చి, కొబ్బరి వేళ్లలో దూరి, చెట్టు నూనెను తాగుతున్నాయి. తొట్టి అడుగున మిగిలిన పాలను యంత్రంలో పెడితే అందులో తల్లిరాతి అణువుల పక్కనే కొబ్బరినూనె గుర్తులు బయటపడ్డాయి. దూడలు కొబ్బరిని తల్లి అనుకున్నాయి. ఆ పాలల్లోకి కొబ్బరి ఎలా వచ్చింది?

కంపెనీ విచారణ పెట్టింది. పొడుగాటి బల్లకు అటు ముగ్గురు పెద్దలు, ఇటు భుజంగరావు, ఆ పక్కన సత్యవేణి. సార్ పక్కనున్నాడు కదా అనే ధైర్యంతోనే ఆమె లోపలికి వచ్చింది.

భుజంగరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ నెలలో మా అమ్మాయి పెళ్లయింది" అని మొదలుపెట్టాడు, ఎంతో మృదువుగా. "కోనసీమ పెళ్లి. మంగళస్నానం అంటే మీకు తెలియనిది కాదు. పాపం, ఏ ఆడపిల్ల మాత్రం కాదనగలదు? సెలవు నుంచి నేరుగా తొట్ల దగ్గరికే వచ్చింది. నేను గమనించాల్సింది. ఆ తప్పు నాదే."

సత్యవేణి ఆయన ముఖంలోకి చూసింది. గిన్నెకు అడ్డంగా పెట్టిన ఆ చెయ్యి బల్ల మీదే ఉంది, వేళ్లు ముడుచుకుని. ఆయన మరిచిపోయాడేమో అనుకుంది ముందు. మరిచిపోయాడని నమ్మడానికి ఎంత ఆశపడిందో! "సార్, నేను రాసుకోలేదు, మీరే కదా..." అంది. ఆయన ఇటు తిరగలేదు. పెద్దల్లో ఒకాయన జాలిగా తలాడించి, ఆమె పేరు పక్కన ఏదో రాసుకున్నాడు.

ఆమెను పనిలోంచి తప్పించారు. భర్త ఫణీంద్ర కారులో మొగలిలంక దాకా దిగబెట్టి, "పోనీ ఒప్పేసుకో వేణీ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు ఓదార్పుగా. అంటే అతను కూడా నమ్మాడన్నమాట. ఊళ్లో ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. త్రిమూర్తులు బాబాయ్ ఆమె ఎదురైతే కండువా సర్దుకుని పక్క సందులోకి తిరిగిపోయాడు.

"నేను రాసుకోలేదని నీకు తెలుసు కదమ్మా. నువ్వైనా చెప్పు వాళ్లకి" అంది తల్లితో.

మంగాయమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని కూలబడిపోయింది.

"నేను పెట్టానే" అంది. "ఆయన అడ్డెట్టాక అందరూ బయటికెళ్లారా, నువ్వు కళ్లు మూసుకుని కుంకుడుకాయ పోయించుకుంటన్నావు. ఒక్క చుక్క. నడినెత్తిన ఒకే ఒక్క చుక్క అద్దానే. నూనె చుక్కయినా లేకుండా పెళ్లి చేత్తే నీకేమవుద్దోనని భయమేసింది. నా సెట్లు నేనే సంపుకున్నాను. నీ బతుకూ నేనే..."

సత్యవేణి చెయ్యి నడినెత్తి మీదికి పోయింది. అయితే సార్ అబద్ధమాడలేదా? ఆ చుక్కను చూశాడేమో, చూసి కూడా ఆమె పరువు కోసం ఇన్నాళ్లూ ఊరుకున్నాడేమో? తల్లిని తిట్టలేక, తనను తాను క్షమించుకోలేక, ఆమె ఎండిన తోటలో పిచ్చిదానిలా తిరిగింది. తన తలే తనకు పరాయిదైపోయింది.

కొద్దిరోజులకు కంపెనీ మనుషులు ఎర వెయ్యడానికి వచ్చారు. అది సత్యవేణి పాత ఆలోచనే. దూడలు తాగి పెరిగిన పాలను కందకంలో పోస్తే, అవి వేళ్లను వదిలి పరుగున వచ్చి అందులో మూగుతాయి. అప్పుడు సున్నం పోసి చంపెయ్యవచ్చు. వేళ్లలో ఉండగా మందు కొడితే చెట్టే చస్తుంది. బోరు పక్కన కందకం తవ్వి, పాలల్లో కలిసింది పెళ్లినూనే అన్న లెక్కతో, మంగాయమ్మ ఇంట్లో ఆడించిన నూనెనే, పెళ్లిలో చుక్క తీసిన ఆ డబ్బాలోదే, గుమ్మరించారు. గట్టు మీద ఊరంతా ఉంది. భుజంగరావు గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

ఒక్క దూడ కూడా రాలేదు. మరో డబ్బా పోశారు. యంత్రం ముల్లు కదలలేదు. పక్క ఊళ్ల గానుగల నుంచి తెప్పించి పోశారు. వేళ్లను పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉన్నాయి. "ఇక లాభం లేదు, తోటలన్నీ కొట్టెయ్యడమే" అన్నారు కంపెనీవాళ్లు. త్రిమూర్తులు గట్టు మీద కూలబడిపోయాడు.

సత్యవేణి మాత్రం కదలని ముల్లునే చూస్తోంది. ఆకలికి దూడ ఏ ఆవు పొదుగైనా పట్టుకుంటుంది. పట్టుకున్న పొదుగు వదిలి మరో పరాయి పొదుగు దగ్గరికి ఎందుకు వస్తుంది? సొంత తల్లి పిలిస్తే తప్ప రాదు. యంత్రం కొబ్బరి అని చెప్పగలదు గానీ, ఏ నేల కొబ్బరో చెప్పలేదు. అది దూడలకే తెలుసు. మొగలిలంక నూనె వాటికి పరాయిది. అంటే అమ్మ అద్దిన చుక్క కాదు. మరెవరిదో నూనె. తను లేని రోజుల్లో తొట్ల దగ్గరున్నది ఒక్కరే. ఆమె తలెత్తి గొడుగు వైపు చూసింది. భుజంగరావు చటుక్కున కారెక్కాడు.

మర్నాడు ఉదయం ఆమె రాజమండ్రి వెళ్లింది. తలుపు తీసింది దమయంతమ్మ. ఆవిడ పుట్టిల్లు ఉద్దానం, ఉత్తరాన మరో కొబ్బరి సీమ. ఇన్నేళ్లు గోదావరి నీళ్లు తాగినా మాట మాత్రం అక్కడిదే.

"ఏటమ్మా, ఇలగ సిక్కిపోనావు! రా, కూకో. మీ సారు తానానికి ఎల్లినారు" అని లోపలికి తీసుకెళ్లి, జుట్టు నిమిరింది. "కష్టకాలమొచ్చిందని ఇన్నాను. ఇకనైనా తలకి నూనె రాసుకో తల్లీ. మా అన్నయ్య పంపిన నూనైతే నీకు సీసాడు ఇద్దును. లేదు మరి. మీ పెళ్లికి ముందే డబ్బాకి డబ్బా మీ సారు పట్టుకెళిపోనారు కదా."

"ఎక్కడికండీ అమ్మగారూ?" అంది సత్యవేణి.

"మీ లేబుకే! దూడలకి పాలు సాల్లేదంట. నాను నవ్వినాను. దూడలకి నూనె తాగించడమేటండీ అని. ఏం, నీకు సెప్పలేదేటి?"

స్నానాలగది తలుపు తెరుచుకుంది. తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన భుజంగరావు ఇద్దరినీ చూసి, విషయం గ్రహించి, కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. భార్యను కాఫీ పెట్టమన్నాడు. ఆవిడ కదల్లేదు.

"రాయి నుంచి వచ్చిన సారం గరిటెడే, అమ్మాయీ" అన్నాడు. "దాంతో మంద పెరగదు. ఇంకోసారి వాయిదా అంటే కంపెనీ తాళం వేసేసేది. కొవ్వు కొవ్వే కదా అని కొంచెం కలిపాను. ముందు తల్లిరాతి పాలే పట్టాను. ఆ రుచి మరిచిపోవనుకున్నాను."

"మరి నా తల ఎందుకు చూపించారు సార్?"

"నా పేరు పోతే ఆ ప్రయోగశాల ఉండదు. నీదైతే, కొత్త పెళ్లికూతురు, నూనె రాసుకుందంటే ఎవరైనా క్షమిస్తారు. నీకు వయసుంది, తట్టుకుంటావు." ఆయన గొంతు వణికింది. అది నటన కాదు, అదే మరీ ఘోరం. "పరాయివాళ్ల మీద పెట్టగలనా? కూతురివనుకున్నాను కాబట్టే నీ మీద పెట్టాను."

సత్యవేణికి కోపం కాదు, చలి పుట్టింది. ఈ మనిషి తన కాళ్లు కడిగాడు. "నిన్న గట్టు మీద ఉన్నారు మీరు" అంది. "ఏ నూనె పోస్తే వస్తాయో తెలుసు. మా అమ్మ డబ్బా మీద డబ్బా మోసుకొచ్చి పోస్తుంటే చూశారు. చెట్లన్నీ కొట్టెయ్యాలన్నప్పుడు కూడా నోరు మెదపలేదు. నన్నంటే కూతురన్నారు. వాళ్లేం చేశారు సార్ మీకు?"

"ఇది బయటికి రానివ్వకమ్మాయీ. కన్యాదానం చేసినవాణ్ణి, అడుగుతున్నాను" అన్నాడు, చేతులు జోడించబోతూ.

ఆ చేతులు కలవకముందే దమయంతమ్మ దేవుడిగదిలోకి వెళ్లి, దీపానికి అట్టేపెట్టిన చిన్న సీసా తెచ్చి సత్యవేణి చేతిలో పెట్టింది. "ఇది ఆ డబ్బాలోదే. అడుక్కి ఇదే మిగిలింది" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆ పీటల మీద నాను కూడా కూకున్నానండీ. నాకూ అది కూతురే."

ఆ సీసాను మొగలిలంక కందకంలో ఒంపగానే ముల్లు కదిలింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, దగ్గరి చెట్ల వేళ్ల నుంచి బూడిదరంగు చారలు తడిమట్టిలో సాగి వచ్చాయి. సీసాడు నూనె ఏ మూలకు? సత్యవేణి అక్కడే, కంపెనీ మనుషులు వింటుండగా, ఆ నూనె ఎవరిదో, తొట్లలో ఎవరు కలిపారో, ఎందుకు కలిపారో మొత్తం చెప్పేసింది. తను పరీక్ష పెట్టకుండా వదిలేసిన సంగతి కూడా దాచలేదు. త్రిమూర్తులు ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మమ్మల్ని నమ్మించావే అనుకున్నానమ్మా. నిన్నే నమ్మించారన్నమాట" అన్నాడు, కండువాతో కళ్లొత్తుకుంటూ.

ఉద్దానం నుంచి దమయంతమ్మ అన్నగారు వ్యానునిండా డబ్బాలతో వచ్చాడు. ఊరి చుట్టూ తవ్విన కందకంలో ఆ నూనె పారింది. అప్పుడు వచ్చాయి దూడలు. ఒక తోట నుంచి కాదు, అన్ని తోటల నుంచీ, పొంగిన పాలలా నేలను కప్పుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. యంత్రంలోంచి సన్నటి రొద. సత్యవేణి తొమ్మిదేళ్లుగా వినాలనుకున్న చప్పుడది. అవి తల్లిని చేరామనుకున్నాయి. కుర్రాళ్లు సున్నం తట్టలు ఎత్తి పట్టుకుని ఆమె మాట కోసం చూస్తున్నారు.

ఆమె వెంటనే చెప్పలేకపోయింది. వాటి తప్పేముంది? నోటికి ఏ పాలు అందితే వాటినే అమ్మ అనుకున్నాయి. పోసినవాడి చెయ్యి శుభ్రమైనదో కాదో అడగడం వాటికి రాదు. కళ్లు తుడుచుకుని, "పొయ్యండి" అంది. సున్నం కుతకుత ఉడికి, కాసేపటికి రొద ఆగిపోయింది. సగం తోటలు దక్కాయి. మంగాయమ్మ తోట దక్కలేదు.

"అమ్మాయీ!"

వెనక, కారు దగ్గర నుంచి. కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేసిందని ఆమెకు తెలుసు. ఎందుకొచ్చాడో తెలియదు. ఆ పిలుపు చెవిన పడగానే, ఆమెకంటే ముందు ఆమె మెడ అటు తిరిగింది. "ఆఁ సార్" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అప్పుడు, అప్పుడు మాత్రమే ఆమెకు భోరుమని ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే మెడ ఇటు తిప్పుకుంది. గట్టు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లి, ఆమె కాళ్ల ముందు నేల మీద చతికిలబడింది.

"నీ చుక్క కాదమ్మా. విన్నావుగా. నీది కానే కాదు."

మంగాయమ్మ తల ఊపింది.

"ఇంట్లో నూనె ఏమైనా ఉందా?"

"మన సెట్ల నూనె గిన్నెడుంది. ఆఖరిది. ఎందుకే?"

వెనక మళ్లీ పిలుపు వినిపించింది. సత్యవేణి జడ విప్పి, తల్లి ఒళ్లోకి తల వంచింది.

"తలకి రాయవే" అంది.